‘కంటే’ వచ్చాక కూడా ‘చీప్’ ఎందుకు మారాలి?

ఆ అమ్మాయి ఒక బట్టల షాపులో చీరల కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. షాపు పదింటికి తెరుస్తారు కాబట్టి, పొద్దున ఏడింటికల్లా నా ఇంగ్లీష్ క్లాసుకు వచ్చేస్తుంది. తెలుగు రాని కస్టమర్లకు చీరలు చూపించాల్సి వచ్చినప్పుడు టెన్షన్ పడకూడదని నేర్చుకుంటోంది. ఒకరోజు బోర్డు మీద ఈ వాక్యం రాశాను: ‘దిస్ శారీ ఈజ్ చీపర్ దాన్ దట్ వన్.’ ఆ చీర కంటే ఈ చీర చవక అని. అందరూ నోట్సులో ఎక్కించుకున్నారు. ఆ అమ్మాయి రాసుకుని, కాసేపు దానివైపే చూసి అడిగింది: “మేడమ్, దాన్ అంటే కంటేనే కదా? కంటే వచ్చేశాక మళ్ళీ చీప్‌ని చీపర్ అని ఎందుకు మార్చాలి? ‘చీప్ దాన్’ అంటే సరిపోదా?”

ఈ పాఠంలో అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే. మన బడుల్లో దీన్ని ‘డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్’ పేరుతో చెబుతారు. పాజిటివ్, కంపారిటివ్, సూపర్లేటివ్ అని మూడు గళ్ళ పట్టిక ఇస్తారు. టాల్, టాలర్, టాలెస్ట్ అని అడ్డంగా బట్టీ పట్టిస్తారు. పట్టిక నోటికి వచ్చిన పిల్లలు కూడా మాట్లాడేటప్పుడు ‘రవి ఈజ్ టాల్ దాన్ మీ’ అనేస్తారు. తప్పు వాళ్ళ జ్ఞాపకశక్తిది కాదు. తెలుగులో పోలిక ఒకలా నడుస్తుంది, ఇంగ్లీష్‌లో ఇంకోలా నడుస్తుంది. ఆ తేడా ఎక్కడుందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడం వల్లే ఈ ఇబ్బంది.

మన వాక్యాలు చూడండి. ఈ చీర చవక. ఆ చీర కంటే ఈ చీర చవక. అన్నిటికంటే ఈ చీర చవక. మూడింటిలోనూ ‘చవక’ అన్న మాట చెక్కుచెదరలేదు. పోలిక బరువంతా ‘కంటే’ మీద, దానికి ముందున్న మాట మీద పడింది. ‘కన్నా’ అన్నా అంతే. తెలుగు విశేషణానికి పోలికతో పని లేదు, అది ఉన్నచోట ఉన్నట్టే ఉంటుంది.

ఇంగ్లీష్‌లో ముందు కదలాల్సింది విశేషణమే. చీప్, చీపర్, చీపెస్ట్. మరి దాన్ ఎందుకు? ఎవరితో పోలుస్తున్నామో చెప్పడానికి. ఆ ఒక్క పనే దానిది. అసలు పోలుస్తున్నామన్న సంగతి చెప్పేది విశేషణం చివర చేరే ఇ-ఆర్, లేదా దాని బదులు ముందు వచ్చే మోర్. మన ‘కంటే’ ఒక్కటీ చేసే పనిని ఇంగ్లీష్ ఇద్దరికి పంచింది. అందుకే దాన్ వచ్చినా ఇ-ఆర్ గానీ మోర్ గానీ రావాల్సిందే.

ఆ అమ్మాయికి ఇది ఆమె కౌంటర్ దగ్గరి మాటలతోనే చెప్పాను. కస్టమర్ వచ్చి “ఇంకొంచెం తక్కువలో చూపించమ్మా” అంటుంది. దేనికన్నా తక్కువ? చెప్పలేదు. చేతిలో ఉన్న చీర కన్నా అని ఇద్దరికీ తెలుసు. “పెద్ద సైజు ఉందా?” అని ఇంకొకరు అడుగుతారు. అక్కడ పోలిక ఉందనే మనకు తట్టదు. అదే కస్టమర్ ఇంగ్లీష్‌లో అడిగితే ‘సమ్‌థింగ్ చీపర్’ అంటుంది, ‘డు యు హావ్ ఎ బిగ్గర్ సైజ్?’ అంటుంది. ఈ రెండు వాక్యాల్లోనూ దాన్ లేదు. ఇ-ఆర్ ఒక్కటే పోలికను మోస్తోంది. దాన్ లేకుండా ఇ-ఆర్ నిలబడుతుంది. పోలిక మాట లేకుండా దాన్ మాత్రం నిలబడలేదు. ‘చీప్ దాన్’ అన్నది ఇంగ్లీష్ చెవికి సగంలో తెగిన వాక్యంలా వినిపించేది అందుకే.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. పోలికకు వాడే దాన్‌లో ‘ఎ’ అక్షరం ఉంటుంది. ‘తర్వాత, అప్పుడు’ అని అర్థమిచ్చే దెన్‌లో ‘ఇ’ ఉంటుంది. మన నోట్లో రెండూ ఒకేలా పలుకుతాయి కాబట్టి ఫోన్‌లో మెసేజ్ పెట్టేటప్పుడు తారుమారవుతాయి.

క.సా.గు.లో దాగిన చుట్టరికం

విశేషణం చివర ముక్క తగిలించి పోల్చడం మనకు బొత్తిగా తెలియని పద్ధతేమీ కాదు. ‘తారతమ్యం’ అంటాం, ‘తరతమ భేదాలు’ అంటాం. ఆ ‘తర’, ‘తమ’ సంస్కృతంలో పోలిక ప్రత్యయాలే. ‘తర’ చేరితే ఇద్దరిలో ఎక్కువ, ‘తమ’ చేరితే అందరిలో ఎక్కువ. గురు, గురుతర, గురుతమ. ప్రియ, ప్రియతర, ప్రియతమ. అంటే తారతమ్యం అన్న తెలుగు మాటను విడదీస్తే కంపారిటివ్, సూపర్లేటివ్ రెండూ బయటపడతాయి.

సంస్కృతంలో దీనికి ఇంకో జత కూడా ఉంది. అందులో అందరికంటే ఎక్కువ అని చెప్పే ప్రత్యయం ‘ఇష్ఠ’. శ్రేష్ఠ, జ్యేష్ఠ, బలిష్ఠ, గరిష్ఠ, కనిష్ఠ. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు క.సా.గు., గ.సా.భా. లెక్కలు చేసే ఉంటారు. కనిష్ఠ సామాన్య గుణిజం, గరిష్ఠ సామాన్య భాజకం. ఇంగ్లీష్ మీడియం పిల్లలు వాటినే ఎల్‌సీఎం, హెచ్‌సీఎఫ్ అంటారు. ఎల్ అంటే లీస్ట్, హెచ్ అంటే హైయెస్ట్. కనిష్ఠలో ‘ష్ఠ’, లీస్ట్‌లో ‘స్ట్’. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. సంస్కృతం, ఇంగ్లీష్ ఒకే ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందిన భాషలు. సంస్కృతంలోని ‘ఇష్ఠ’, ఇంగ్లీష్‌లోని ‘ఎస్ట్’ ఒకే పాత మూలం నుంచి వచ్చాయి. భోజనం బాగుంటే ‘స్వాదిష్ఠంగా ఉంది’ అంటాం కదా, ఆ స్వాదిష్ఠ, ఇంగ్లీష్ ‘స్వీటెస్ట్’ ధాతువు దగ్గర్నుంచి ప్రత్యయం దాకా ఒకే మాటకు రెండు రూపాలు. మొదటిసారి ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. ఎన్నో వేల ఏళ్ళ కింద విడిపోయిన బంధువులు ఒకరు మన అన్నం పళ్ళెం దగ్గర, ఇంకొకరు ఇంగ్లీష్ గ్రామర్ పుస్తకంలో ఉన్నారన్నమాట.

అయితే అచ్చతెలుగు మాటలకు మనం ఈ ప్రత్యయాలు తగిలించం. ‘ప్రియతమ’ ఉంది కానీ ‘పొడుగుతమ’ లేదు. ‘మహత్తర’ అంటాం కానీ ‘గొప్పతర’ అనం. సంస్కృతం నుంచి వచ్చిన మాటకు ఒక పద్ధతి, ఇంట్లో పుట్టిన మాటకు ఇంకో పద్ధతి. ఇంగ్లీష్‌లోనూ దాదాపు ఇలాంటి ఏర్పాటే ఉంది, కాకపోతే తలకిందులుగా. అక్కడ ఇంట్లో పుట్టిన పొట్టి మాటలు ప్రత్యయం తీసుకుంటాయి. ఫ్రెంచి, లాటిన్ నుంచి వచ్చిన పొడుగు మాటలు ఎక్కువగా మోర్, మోస్ట్ తీసుకుంటాయి.

ఇ-ఆర్ ఎక్కడ, మోర్ ఎక్కడ

మాట ఎక్కడ పుట్టిందో వెతకనక్కర్లేదు, ఎంత పొడుగుందో చూస్తే చాలు. ఇక్కడ మన లిపి మనకు బాగా సాయపడుతుంది. ఇంగ్లీష్ మాటను తెలుగులో రాసి అక్షరాలు లెక్కపెట్టండి. పొల్లు హల్లులను, సున్నాను లెక్కలోకి తీసుకోవద్దు. చీప్ ఒకటి. స్ట్రాంగ్, ఓల్డ్, లార్జ్ కూడా ఒకటే. హ్యాపీ రెండు. బ్యూటిఫుల్ మూడు. ఎక్స్‌పెన్సివ్ కూడా మూడే. ఇంగ్లీష్ వాళ్ళు సిలబుల్ అనేది ఇదే.

ఒక్క అక్షరం మాట అయితే కళ్ళు మూసుకుని ఇ-ఆర్, ఇ-ఎస్-టి చేర్చవచ్చు. బోర్డ్ (విసుగెత్తిన) లాంటి, చివర ఇ-డి ఉన్న మాటలను మినహాయిస్తే ఇది చాలా నమ్మకమైన నియమం. మూడు, ఆపైన ఉంటే మోర్, మోస్ట్. ఎక్స్‌పెన్సివర్ అనే మాట లేదు, మోర్ ఎక్స్‌పెన్సివ్ అనాలి.

రెండక్షరాల మాటల దగ్గరే చిక్కు. వాటిలో చివర ‘వై’ ఉన్నవి ప్రత్యయం తీసుకుంటాయి: హ్యాపీ, హ్యాపియర్, హ్యాపియెస్ట్. ఈజీ, హెవీ, బిజీ కూడా అంతే. రాసేటప్పుడు ఆ వై కాస్తా ఐ అవుతుంది. నారో, సింపుల్ లాంటివి కూడా ఇ-ఆర్ వైపే ఉంటాయి. యూజ్‌ఫుల్, కేర్‌లెస్, బోరింగ్, ఫేమస్, మోడర్న్ లాంటివి మోర్ తీసుకుంటాయి. రెండు పద్ధతులూ చెల్లే మాటలు కూడా కొన్ని ఉన్నాయి, వాటి గురించి బెంగ పెట్టుకోవద్దు. అనుమానం వస్తే రెండక్షరాల మాటకు మోర్ వాడితే వినేవాళ్ళకు అర్థం కాకుండా పోదు.

స్పెల్లింగ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. బిగ్, హాట్, థిన్, ఫ్యాట్ లాంటి పొట్టి మాటల్లో ఒక్క అచ్చు, దాని వెనక ఒక్క హల్లు ఉంటే ఆ హల్లు రెట్టింపవుతుంది. బిగ్గర్‌లో జి రెండుసార్లు రాయాలి. చీప్‌లో రెండు అచ్చులున్నాయి కాబట్టి పి ఒకసారే. కోల్డ్‌లో చివర రెండు హల్లులున్నాయి కాబట్టి మార్పు లేదు. చివర డబ్ల్యూ ఉన్నా రెట్టింపు కాదు, స్లో నుంచి స్లోయర్ అంతే. లార్జ్ లాగా చివర ఇ ముందే ఉంటే ఆర్ ఒక్కటి చేరిస్తే చాలు.

‘ఇంకా బెటర్’, ‘దానికంటే వరస్ట్’

గుడ్, బెటర్, బెస్ట్. బ్యాడ్, వర్స్, వరస్ట్. వీటికి ఏ నియమమూ లేదని, బట్టీ పట్టాల్సిందేనని చెబుతారు. నిజమే, కానీ అందులో వింతేమీ లేదు. బెటర్ అన్న మాట గుడ్ నుంచి పుట్టలేదు. అది వేరే మూలం నుంచి వచ్చి గుడ్ పక్కన కూర్చుంది. తెలుగులోనూ అలాంటిది ఉంది. ‘ఇది మంచిది’ అంటాం, పోల్చేటప్పుడు ‘దానికన్నా ఇది మేలు’ అంటాం, ‘ఏమీ లేనిదానికన్నా ఇది నయం’ అంటాం. మేలు, నయం అన్న మాటలు ఈ వాడుకలో పోలికను తమలోనే దాచుకున్నాయి. మంచి పక్కన మేలు ఎలాగో, గుడ్ పక్కన బెటర్ అలాగే.

చిక్కు ఎక్కడంటే బెటర్, బెస్ట్, వరస్ట్ ఎప్పుడో తెలుగు మాటలైపోయాయి. “జ్వరం ఇప్పుడు బెటరా?” అని అడుగుతాం. “ఇది బెటర్, అది ఇంకా బెటర్” అంటాం. ఆ ‘ఇంకా బెటర్’ని ఇంగ్లీష్‌లోకి తెచ్చేటప్పుడు ‘మోర్ బెటర్’ అవుతుంది. బెటర్‌లో పోలిక ఇప్పటికే ఉంది కాబట్టి మళ్ళీ మోర్ చేరకూడదు. మోర్ చీపర్, మోర్ టాలర్ కూడా ఇదే తప్పు. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీష్‌లో ఇలాంటి జంట పోలికలను పెద్దపెద్ద రచయితలే రాసేవాళ్ళు, ఇప్పటి ప్రామాణిక భాష ఒప్పుకోదు. మన ‘ఇంకా’కు ఇక్కడ సరైన మాట ‘ఈవెన్’. ఈవెన్ బెటర్, ఈవెన్ చీపర్. ఈ ఒక్క మార్పుతో మా క్లాసులో చాలామంది నోట మోర్ బెటర్ పోయింది. వద్దని చెప్పినంత కాలం పోలేదు. దాని బదులు వాడాల్సిన మాట దొరికాకే పోయింది.

వరస్ట్‌ది ఇంకో కథ. తెలుగులో వరస్ట్ అంటే ‘చాలా చెత్త’ అనే అర్థం స్థిరపడిపోయింది. ‘నిన్నటి భోజనం కంటే ఇవాళ్టిది వరస్ట్’ అనేస్తాం. అదే ఇంగ్లీష్‌లో పెడితే ‘వరస్ట్ దాన్’ వస్తుంది. దాన్ ముందు ఉండాల్సింది వర్స్. వరస్ట్ అంటే అన్నిటిలోకీ చెడ్డది, దానికి దాన్‌తో పని లేదు.

‘చాలా’ కూడా ఇలాగే ఇబ్బంది పెడుతుంది. చాలా పొడుగు, వాడికంటే చాలా పొడుగు. మనకు రెండుచోట్లా అదే చాలా. ఇంగ్లీష్‌లో ‘వెరీ టాల్’ సరే కానీ ‘వెరీ టాలర్’ కుదరదు. పోలిక వచ్చిందంటే వెరీ తప్పుకుని ‘మచ్’ రావాలి: మచ్ టాలర్, మచ్ బెటర్. మాటల్లో అయితే ‘ఎ లాట్ చీపర్’ అని కూడా అంటారు. కొంచెం అయితే ‘ఎ లిటిల్ చీపర్’. కస్టమర్ “ఇంకొంచెం తక్కువలో” అన్నది అచ్చంగా ఇదే.

రెండు విగ్రహాలు, రెండు పీఠాలు

హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ దగ్గర 2023 ఏప్రిల్ 14న అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించారు. విగ్రహం ఎత్తు 125 అడుగులు, కింది పీఠం 50 అడుగులు. విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న ఇంకో అంబేడ్కర్ విగ్రహం వచ్చింది. అదీ 125 అడుగులే, కానీ పీఠం 81 అడుగులు. పోలికలు నేర్పడానికి ఈ రెండింటికన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

విగ్రహాల వరకే చూస్తే రెండూ సమానం. ‘ద స్టాచ్యూ ఇన్ విజయవాడ ఈజ్ యాజ్ టాల్ యాజ్ ద స్టాచ్యూ ఇన్ హైదరాబాద్.’ మనం ‘అంత’ అనే ఒక్క మాటతో చెప్పేదాన్ని ఇంగ్లీష్ విశేషణానికి అటొక యాజ్, ఇటొక యాజ్ పెట్టి చెబుతుంది. మధ్యలో ఉన్న టాల్ మారదు, ఎందుకంటే ఇక్కడ ఎక్కువ తక్కువలు లేవు. ‘అంత కాదు’ అనాలంటే ముందు నాట్ చేరుస్తాం.

పీఠాల దగ్గర తేడా వచ్చింది. ‘ద పెడెస్టల్ ఇన్ విజయవాడ ఈజ్ 31 ఫీట్ హయ్యర్ దాన్ ద వన్ ఇన్ హైదరాబాద్.’ ఎంత తేడానో చెప్పే కొలత ఇ-ఆర్ మాటకు ముందు వచ్చి కూర్చుంటుంది. ‘నాకంటే రెండేళ్ళు పెద్ద’ అన్నప్పుడు మనం పెట్టే చోటే అది, ‘టూ ఇయర్స్ ఓల్డర్ దాన్ మీ.’ ఇక చివర ఉన్న ‘ద వన్’ చూడండి. అది లేకుండా ‘దాన్ హైదరాబాద్’ అంటే పీఠాన్ని ఏకంగా నగరంతో పోల్చినట్టవుతుంది. తెలుగు మాటల్లో మనం ‘మా ఇల్లు మీకంటే పెద్దది’ అని అనేస్తాం, వినేవాళ్ళు ‘మీ ఇంటికంటే’ అని సర్దుకుంటారు. ఇంగ్లీష్‌లో ‘దాన్ యువర్స్’ అనాలి. వస్తువును వస్తువుతోనే పోల్చాలి.

ఇక గుజరాత్‌లోని సర్దార్ పటేల్ విగ్రహం 182 మీటర్లు. ప్రపంచంలో దానంత ఎత్తైన విగ్రహం ఇంకోటి లేదు. ‘ఇట్ ఈజ్ ద టాలెస్ట్ స్టాచ్యూ ఇన్ ద వరల్డ్.’ ఇక్కడ ‘ద’ వచ్చింది. తెలుగులో అలాంటి మాటే లేదు కాబట్టి మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేది దీన్నే. ‘ద’ అంటే ‘ఏదో మీకు తెలుసు, అదొక్కటే’ అని వేలు పెట్టి చూపించడం. అందరిలోకీ ఎత్తైనది అన్నప్పుడు అలాంటిది ఒక్కటే ఉంటుంది కాబట్టి వేలు పెట్టక తప్పదు.

‘రెండో’, ‘మూడో’ అని వచ్చినా ఇ-ఎస్-టి పోదు. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. గంగ తర్వాత దేశంలో రెండో పొడవైన నది అంటాం. తెలుగులో పొడవైన అంటే చాలు. ఇంగ్లీష్‌లో ‘ద సెకండ్ లాంగెస్ట్ రివర్ ఇన్ ఇండియా’ అనాలి. ‘సెకండ్ లాంగ్’ అంటే అర్థం కాదు.

‘అందరికంటే’లో మెలిక

తెలుగుకు సూపర్లేటివ్ అని ప్రత్యేకంగా లేదు. ‘క్లాసులో అందరికంటే రవి పొడుగు’ అంటాం. అది నిజానికి కంపారిటివే, పోల్చే వైపు ‘అందరూ’ ఉన్నారంతే. దీన్ని మాటకు మాట ఇంగ్లీష్‌లో పెడితే ‘రవి ఈజ్ టాలర్ దాన్ ఆల్ ఇన్ ద క్లాస్’ అవుతుంది. కానీ ఆ క్లాసులో రవి కూడా ఉన్నాడు. రవి తనకంటే తనే పొడుగు ఎలా అవుతాడు? మనం ‘అందరికంటే’ అన్నప్పుడు రవిని పక్కనపెట్టే లెక్కేస్తున్నాం, కానీ పైకి చెప్పం. ఇంగ్లీష్ ఆ పక్కనపెట్టడాన్ని పైకి చెప్పమంటుంది: ‘ఆల్ ది అదర్స్’, ‘ఎనీ అదర్ బాయ్’, ‘ఎనీవన్ ఎల్స్’.

పరీక్షల్లో మార్కులు పోయేది ఈ ‘అదర్’ దగ్గరే. కారణం తెలిస్తే ఇక పోవు. హైదరాబాద్‌ను తెలంగాణ నగరాలతో పోలిస్తే ‘బిగ్గర్ దాన్ ఎనీ అదర్ సిటీ ఇన్ తెలంగాణ’ అనాలి, ఎందుకంటే హైదరాబాద్ కూడా వాటిలో ఒకటి. అదే ఆంధ్రప్రదేశ్ నగరాలతో పోలిస్తే ‘బిగ్గర్ దాన్ ఎనీ సిటీ ఇన్ ఆంధ్రప్రదేశ్’ చాలు. అక్కడ తీసి పక్కనపెట్టడానికి హైదరాబాద్ ఆ గుంపులో లేదు.

‘నో అదర్’తో మొదలయ్యే వాక్యాలంటే పిల్లలు భయపడతారు. దానికి మన సామెతే సాయం. ‘ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు.’ ‘అంత లేదు’ అనడం ద్వారా ఒకదాన్ని అన్నిటికన్నా పైన కూర్చోబెట్టాం. ‘నో అదర్ సిటీ ఇన్ తెలంగాణ ఈజ్ యాజ్ బిగ్ యాజ్ హైదరాబాద్’ కూడా అదే కట్టు. ఇందులో ఇ-ఆర్ రాదు, ఇ-ఎస్-టి రాదు. రెండు యాజ్‌ల మధ్య మామూలు బిగ్.

‘ఒకటి’ వచ్చేచోట మన తెలుగే సరిగ్గా దారి చూపిస్తుంది. ‘దేశంలోని పెద్ద నగరాల్లో ఒకటి’ అంటాం, నగరంలో ఒకటి అనం. ఇంగ్లీష్‌లోనూ ‘వన్ ఆఫ్ ద బిగ్గెస్ట్ సిటీస్’ అని బహువచనమే ఉండాలి. ‘వన్ ఆఫ్ ద బిగ్గెస్ట్ సిటీ’ అన్నది వినిపించినప్పుడల్లా ఒక్క క్షణం తెలుగులో అనుకుని చూడమంటాను.

ఇంకొక చోట కూడా తెలుగు మనవైపే ఉంది. ‘ఎంత చెట్టుకు అంత గాలి.’ ఎంత, అంత జంటకు ఇంగ్లీష్‌లో రెండు ‘ద’లు వస్తాయి: ‘ద బిగ్గర్ ద ట్రీ, ద స్ట్రాంగర్ ద విండ్.’ ‘ఎంత త్వరగా వస్తే అంత మంచిది’ అనడానికి ‘ద సూనర్, ద బెటర్.’ బిగ్గర్, స్ట్రాంగర్ ముందున్న ఆ ‘ద’, సూపర్లేటివ్ ముందు వచ్చే ‘ద’ ఒకేలా కనిపిస్తాయి కానీ పని వేరు. ఇక్కడ బిగ్గర్ ముందున్నది ‘ఎంత’ అంటుంది, స్ట్రాంగర్ ముందున్నది ‘అంత’ అంటుంది.

సీనియర్, జూనియర్ అన్నవి రోజూ అనుకునే మాటలు కదా. అవి లాటిన్‌లో కంపారిటివ్‌లు. సీనియర్ అంటే ఎక్కువ వయసున్నవాడు, జూనియర్ అంటే తక్కువ వయసున్నవాడు. పుట్టుకతోనే పోలిక ఉన్న ఈ మాటలకు దాన్ రాదు, ‘టు’ వస్తుంది. ఇక్కడ బట్టీ అక్కర్లేదు. ‘ఆయన ఆఫీసులో నాకు సీనియర్’ అంటాం. ఆ నాకులోని ‘కు’నే ఇంగ్లీష్‌లో టు: ‘సీనియర్ టు మీ.’ సుపీరియర్, ఇన్ఫీరియర్ కూడా అంతే.

పెద్దమ్మాయి, నడిపమ్మాయి, చిన్నమ్మాయి

చివరగా ‘పెద్ద’ సంగతి. ఇంటి పరిమాణం చెప్పడానికీ పెద్దే, వయసు చెప్పడానికీ పెద్దే. ‘నాకంటే మూడేళ్ళు పెద్ద’ని ‘బిగ్గర్ దాన్ మీ’ అంటే ఒంటి పరిమాణం గురించి అన్నట్టవుతుంది. వయసుకు ఓల్డర్ వాడాలి. కుటుంబంలో వరస చెప్పడానికి ఎల్డర్, ఎల్డెస్ట్ అని ఇంకో జత ఉంది. పాత ఇంగ్లీష్‌లో ప్రత్యయం చేరినప్పుడు కొన్ని మాటల్లో లోపలి అచ్చు కూడా మారేది. ఎల్డర్ ఆ కాలం నుంచి మిగిలిపోయిన రూపం. ఓల్డర్ తర్వాత తిన్నగా కట్టుకున్నది. ఎల్డర్ ఎక్కువగా మనిషిని చెప్పే మాట ముందే ఉంటుంది: మై ఎల్డర్ సిస్టర్. ‘ఎల్డర్ దాన్ మీ’ అనకూడదు, దాన్ కావాలంటే ఓల్డర్‌కు వెళ్ళాలి.

మరి ఎల్డర్ ఎప్పుడు, ఎల్డెస్ట్ ఎప్పుడు? మనం ‘మా పెద్దమ్మాయి’ అంటే ఇంట్లో ఇద్దరమ్మాయిలున్నా సరిపోతుంది, ఐదుగురున్నా సరిపోతుంది. ఇంగ్లీష్ లెక్క అడుగుతుంది. ఇద్దరైతే ఎల్డర్ డాటర్, ముగ్గురో అంతకంటే ఎక్కువో ఉంటే ఎల్డెస్ట్ డాటర్.

చీరల కౌంటర్ అమ్మాయి ఇది విని, “మేము ముగ్గురం మేడమ్, నేను నడిపిదాన్ని. మా అక్కని ఏమనాలి?” అంది. నాన్న వైపు నుంచి చూస్తే ముగ్గురిలో పెద్దది. తన వైపు నుంచి చూస్తే తనకు ఉన్నది ఒక్కతే అక్క. ఎవరి వైపు నుంచి చెబుతున్నావో చూసుకుని రాయమన్నాను. కాసేపటికి నోట్సు తిప్పి చూపించింది. మూడు వాక్యాలు రాసింది.

‘మై ఎల్డర్ సిస్టర్ ఈజ్ మై ఫాదర్స్ ఎల్డెస్ట్ డాటర్. షి ఈజ్ త్రీ ఇయర్స్ ఓల్డర్ దాన్ మీ. అవర్ యంగర్ సిస్టర్ ఈజ్ మచ్ టాలర్ దాన్ బోత్ ఆఫ్ అస్.’